కూర్చోబెట్టే ఫిరంగి

మా ఊళ్ళో మధ్యాహ్నం అయిందని చెప్పడం గడియారం పని కాదు, నా పని. కొండ మీద పాత ఫిరంగి ఒకటి ఉంది. రోజూ మిట్టమధ్యాహ్నం దాన్ని పేలుస్తాను. గుండు ఉండదు, మందు మాత్రమే దట్టిస్తాం. ఒక్క మోత. ఆ మోతకి బడి పిల్లలు తిండికి బయటికొస్తారు, రేవులో పడవ కదులుతుంది, బట్టీలో రెండో వాయి రొట్టెలు బయటికి తీస్తారు. నాకు ముందు మా నాన్న పేల్చేవాడు. ఆయనకి ముందు ఆయన మామ.

ఫిరంగి పని ఒక్కడి వల్ల కాదు. తడిగుడ్డ కట్టిన కర్రతో గొట్టం తుడవాలి. తర్వాత మందు సంచి లోపలికి తోసి ఇంకో కర్రతో దట్టించాలి. ఈ పని అయ్యేదాకా ఇంకొకరు గొట్టం వెనక పైభాగాన ఉన్న చిన్న చిల్లుని బొటనవేలితో మూసి ఉంచాలి. ఆ చిల్లుని మేం చెవి అంటాం. చెవి తెరిచి ఉంటే లోపలికి గాలి ఆడుతుంది. లోపల ఎక్కడన్నా నిప్పురవ్వ మిగిలి ఉంటే రాజుకుని మందు అంటుకుంటుంది. అప్పుడు దట్టించేవాడి చేతులు కర్రతో పాటే ఎగిరిపోతాయి. అందుకని వేలికి తోలు తొడుగు వేసుకుని గట్టిగా నొక్కిపట్టాలి. మా ఇంట్లో ఆ వేలు నా భార్యది. పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టింది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులని తిట్టుకుంటూ కొండెక్కుతుంది, వేలు మాత్రం కదలదు. నేను మాట్లాడాల్సిందంతా ఫిరంగే మాట్లాడేస్తోందని, ఇంటికొచ్చేసరికి నాలో ఏమీ మిగలట్లేదని రోజూ అంటుంది.

ఫిరంగికి ఇంకో పని కూడా ఉంది. అది మా ఊరి సభ పద్ధతి. సభలో ఒకడు లేచి మాట్లాడుతున్నంతసేపూ ఇంకొకరు నోరెత్తకూడదు. ఆపే హక్కు అధ్యక్షస్థానానికి కూడా లేదు. ఆపేది ఫిరంగి ఒక్కటే. మోత వినపడగానే మాట సగం నోట్లో ఉన్నా సరే, కూర్చోవాలి. అందరూ ఇళ్ళకెళ్ళి తినొచ్చాక చేతులెత్తి తేలుస్తారు. ఆఖరున లేచినవాడు మాత్రం మోతదాకా నిలబడాలి, అంతకంటే ముందు తనంతట తాను కూర్చుంటే తన మాట వెనక్కి తీసుకున్నట్టు లెక్క. ఎప్పుడో ఒక పెద్దమనిషి వంతెన సంగతి చెప్పడానికి పొద్దున లేచి, దీపాలు పెట్టేదాకా చెప్పాడట. ఆ మర్నాటి నుంచి ఈ పద్ధతి పెట్టారు.

పోయిన ఏడాది రాజధానిలో ఆయుధాల చట్టం వచ్చింది. సైన్యం చేతిలో తప్ప ఇంకెక్కడా తుపాకీ గాని, ఫిరంగి గాని ఉండకూడదు. ఉన్నవాటిని కరిగించాలి. దేశరక్షణకి పనికొస్తుందనుకుంటే సైన్యానికి అప్పజెప్పాలి. ఏది ఎటు పోవాలో ఏ ఊరికావూరి సభ తేల్చాలి. దేశమంతా దీని మీదే కొట్టుకుంది. ఆయుధం ఉంటేనే చావులని ఒక పక్షం. లేకపోతేనే చావులని ఇంకో పక్షం. రెండు పక్షాల మనుషులూ మా ఇంట్లోనే తింటారు.

మొదటి పక్షం మా అల్లుడు. ఆసుపత్రిలో కట్లు కట్టే పని. ఒక ఇంట్లో గోడకి తగిలించిన వేట తుపాకీ జారిపడి పేలితే, ఒక చిన్నపిల్ల కుడిచేతికి మూడు వేళ్ళు మిగిలాయి. ఆ కట్టు కట్టింది ఇతనే. అప్పటిదాకా రాజకీయమంటే మొహం తిప్పుకునేవాడు. ఆ తర్వాత ఎన్నికల్లో నిలబడి సభలోకి వెళ్ళాడు.

రెండో పక్షం మా బామ్మర్ది, నా భార్యకి తమ్ముడు. సైన్యంలో చేసి వచ్చి, సభలో సభ్యుడయ్యాడు. ఊరంతా అతన్ని పటాలం అంటారు. అక్కడ తుపాకీ పట్టింది తక్కువ, గరిటె పట్టింది ఎక్కువ. తిండి లేకపోతే ఏ దండూ అడుగు కదపదు గనక దండుని కదిపింది తనేనని చెప్పుకుంటాడు. అందులో తప్పు కూడా లేదు.

సభకి ముందు ఆదివారం ఇద్దరూ మా ఇంట్లోనే కూర్చుని తిన్నారు. ఫిరంగిని కరిగించి చేతిపంపులు పోయించాలని అల్లుడు. పొరుగుదేశం సరిహద్దులో కొత్త దండు దించిన ఈ రోజుల్లో ఫిరంగి కరిగించడమేమిటి, సైనిక బడికి పంపితే కుర్రాళ్ళు దాని మీద నేర్చుకుంటారని పటాలం. నా భార్య గిన్నె తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

"దాని మీద నేర్చుకుని యుద్ధానికెళ్తే బాగానే ఉంటుందిరా. మోత వినగానే శత్రువులంతా భోజనానికి లేస్తారు" అంది.

పటాలానికి నవ్వొచ్చి పొలమారింది. అల్లుడు మాత్రం నవ్వలేదు.

"నవ్వులాట కాదత్తయ్యా. ఒక్కదాన్ని వదిలామనుకోండి. రేపు ఇంటింటివాళ్ళూ వచ్చి, మా తాత తుపాకీ కూడా ఆయుధం కాదు, గోడకి అందం అంటారు. ఆ పిల్ల ఇంట్లోవాళ్ళూ అదే అనుకున్నారు."

ఆ పిల్ల మా వీధిదే.

నాకు మాత్రం ముందు నుయ్యి, వెనక గొయ్యి. అల్లుడు గెలిస్తే ఫిరంగి కొలిమికి పోతుంది. బామ్మర్ది గెలిస్తే బండెక్కి పోతుంది. అది కొండ మీద ఉండాలనే పక్షం సభలో ఒక్కడు కూడా లేడు. "నువ్వేమంటావు బావా" అని పటాలం అడిగాడు. తినమన్నాను. వాళ్ళు వెళ్ళాక నా భార్య, నోరు తెరిచి, ఫిరంగిని కొండ మీదే ఉండనివ్వండని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయిందని అడిగింది. ఒకడు కూతురి మొగుడు, ఒకడు నీ తమ్ముడు, ఎవరి నోట్లో మన్ను కొట్టమంటావని అన్నాను. ఆ రోజుకి నేను మాట్లాడింది అదే ఎక్కువ.

సభ రోజు వచ్చింది. చూడ్డానికి వచ్చేవాళ్ళ బల్ల మీద ముందు వరసలో చోటు దొరకాలని నా భార్య పెందలాడే వెళ్ళింది, మోత వేళకి కొండెక్కి వస్తానంది. నేను కొండ మీదికి వెళ్ళాను.

ఆ రోజు సభకి మొదట వచ్చిన విషయం ఇది. ఫిరంగి ఆయుధమా, రక్షణా అని వాదించుకుంటున్నప్పుడు ఆ ఫిరంగే మధ్యలో మోగితే సభ్యుల మనసు ఎటన్నా మొగ్గచ్చు, అది న్యాయం కాదు. కాబట్టి చర్చ ముగిసేదాకా ఫిరంగి పేలకూడదు. అల్లుడు ఈ మాట అంటే పటాలం వెంటనే ఒప్పుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళిద్దరూ ఒక మాట మీద ఉండటం అదే మొదలు. ఆ సంతోషంలో సభంతా చేతులెత్తింది. చూడ్డానికొచ్చినవాళ్ళు కూడా బాగుందన్నారు. కబురు తెలిసినప్పుడు నాకూ అందులో ఏ తప్పూ కనపడలేదు.

అల్లుడే తాళం పట్టుకుని కొండెక్కి వచ్చాడు. మందు పెట్టెకి వేశాడు. రెండుసార్లు లాగి చూశాడు.

"కోపమా మావయ్యగారూ?"

"లేదు బాబూ."

"ఏదో ఒకరోజు మీ చేతులకి నేను కట్టు కట్టాల్సి వస్తుందేమోనని నా భయం. ఇంకేం లేదు."

నేను తలూపాను. అతను తాళంచెవి జేబులో వేసుకుని దిగిపోయాడు. నేను ఊరికే కూర్చోలేక ఫిరంగి చక్రాలు తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను.

పాతిన కర్ర నీడ దాని మొదలుకి చేరుకుంది. అది నా గడియారం. చెయ్యి దానంతటదే ఒత్తి కోసం వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను.

కొండ మీంచి ఊరంతా కనిపిస్తుంది. ఏదీ కదల్లేదు. బడి తలుపులు తెరుచుకోలేదు. పడవ కట్టు విప్పలేదు, ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే కూర్చున్నారు. వీధిలో ఒకరిద్దరు ఆగి కొండ వంక చూసి మళ్ళీ నడిచారు. నీడ ఇటు నుంచి అటు తిరిగింది. కాసేపటికి బట్టీ పొగగొట్టంలోంచి పొగ నల్లగా రావడం మొదలైంది.

సభలో జరిగింది నా భార్య తర్వాత చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తే ఇంకో పుస్తకం కావాలి. కొంత తగ్గిస్తున్నాను.

పటాలం ఆఖరున లేచాడట. బాగా మాట్లాడాడట. పదిమంది ముందు ఎప్పుడు మాట్లాడినా అతనికి ఒక అలవాటు ఉంది. చివరి మాట సరిగ్గా ఫిరంగి మోతకి అందేలా లెక్క చూసుకుంటాడు. ఆ రోజూ అలాగే సరిహద్దులు, పొరుగుదేశం, తాతల పౌరుషం, అన్నీ ఒక్కొక్క మెట్టే ఎక్కించుకుంటూ పైకి తీసుకొచ్చాడు. తీసుకొచ్చి, కిటికీ వైపు వేలు చూపించి, "ఇదిగో, దేశం గొంతు వినండి" అన్నాడు.

సభంతా కిటికీ వైపు చూసింది. ఏమీ వినపడలేదు.

"వినండి" అన్నాడు మళ్ళీ.

అప్పుడు తెలిసింది అందరికీ, పొద్దున దేనికి చేతులెత్తారో. చర్చ ముగిసేదాకా ఫిరంగి పేలకూడదు. ఫిరంగి పేలేదాకా చర్చ ముగియదు.

పటాలం కూర్చోలేడు. కూర్చుంటే మాట వెనక్కి తీసుకున్నట్టు. ఇంకొకరు లేచి నిషేధం ఎత్తేద్దామనడానికి లేదు, అతను నిలబడి ఉండగా ఎవరూ నోరెత్తకూడదు. అతను మాట్లాడటం ఆపితే ఓడినట్టే. కాబట్టి మాట్లాడాడు. చెప్పిన దేశరక్షణే మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. అది అయిపోయింది. సైన్యంలో తను చూసిన చలి, వాన, బూట్లు చెప్పాడు. అవీ అయిపోయాయి. ఇంక పాపం అతనికి తెలిసింది ఒక్కటే మిగిలింది.

వంట మొదలుపెట్టాడు.

దండుకి సరిపడా ఉల్లిపాయలు ఎర్రగా ఎలా వేగించాలో చెప్పాడు. ఎముకలు సన్నని మంట మీద మరిగించి, మీద తేలిన కొవ్వు తీసి, అందులోనే బంగాళాదుంపలు ఎప్పుడు వెయ్యాలో చెప్పాడు. మూత ఎత్తినప్పుడు వచ్చే ఆవిరి ఎలా ఉంటుందో చేత్తో చూపించాడు. సభ్యులంతా పొద్దున ఎప్పుడో తిన్నవాళ్ళు. ఒకాయన కళ్ళు మూసుకున్నాడు. ఇంకొకాయన బల్ల అంచు కొరుకుతున్నాడని నా భార్య అంది. అది నేను నమ్మను. పటాలం గొంతు బొంగురుపోయింది, వీపు మాత్రం వంచలేదట.

అధ్యక్షస్థానంలో ఉన్నావిడది రొట్టెల బట్టీ. ఊళ్ళో బట్టీ అమ్మ అంటారు. మాడు వాసన కిటికీలోంచి వచ్చినప్పుడు ఆమెకి అర్థమైంది. బట్టీలో పనివాళ్ళు మోత కోసం ఎదురుచూస్తూ రెండో వాయి లోపలే ఉంచేశారు. ఆమె లేచి నిలబడింది. నోరెత్తడానికి లేదు. ఒక చేత్తో ఫిరంగికి నిప్పు పెడుతున్నట్టు చూపించింది. రెండు చెవులూ మూసుకుంది. బుగ్గలు ఉబ్బించి గాలి వదిలింది. సభ వంక చూసి తన చెయ్యెత్తింది.

చెయ్యెత్తడం మాట్లాడటం కాదు కదా. సభలో ఉన్న చేతులన్నీ లేచాయి. అల్లుడి చెయ్యీ లేచింది. పటాలం చిక్కుళ్ళు నానబెట్టే సంగతి చెబుతూనే తన చెయ్యీ ఎత్తాడు.

బట్టీ అమ్మ అల్లుడి జేబు వంక వేలు చూపించింది.

అల్లుడు కొండెక్కి వచ్చేసరికి మనిషి చెమటతో తడిసి ఉన్నాడు. ఊపిరి అందక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు.

"మావయ్యగారూ, ఒక్కసారి పేల్చండి."

"వద్దన్నారు కదా బాబూ."

"చిన్నమావయ్య కూర్చోవట్లేదు."

ఆ ఒక్క మాటతో నాకు సంగతంతా తెలిసిపోయింది. నవ్వొచ్చింది. పెద్దవాణ్ణి గనక ఫిరంగి వైపు తిరిగి నవ్వుకున్నాను.

అతను తాళం తీశాడు. తీస్తూ, దీంతో తన మాట మారదని, సాయంత్రం చేతులెత్తేటప్పుడు కరిగించాలనే అంటానని చెప్పాడు. నేనేమీ అడగలేదన్నాను. ఒత్తి వెలిగించాను. మందు సంచి తీశాను. అప్పుడు గుర్తొచ్చింది, చెవి మూసే మనిషి కింద సభలో కూర్చుంది.

తోలు తొడుగు అతని చేతిలో పెట్టాను. ఇది దేనికన్నాడు. బొటనవేలికి తొడుక్కుని ఆ చిల్లు మీద నొక్కమన్నాను.

"నేనా?"

"ఇంకెవరున్నారు?"

"వదిలేస్తే?"

"నా చేతులు నువ్వే కట్టాల్సొస్తుంది" అన్నాను.

అతను వచ్చి రెండు కాళ్ళూ దూరంగా తన్నిపెట్టి నిలబడ్డాడు. చిల్లు మీద బొటనవేలు, దాని మీద రెండో అరచెయ్యి పెట్టి నొక్కాడు. నేను గొట్టం తుడిచాను. సంచి తోశాను. దట్టించాను. కర్ర లోపలికి వెళ్ళిన ప్రతిసారీ అతను కళ్ళు గట్టిగా మూసుకుంటున్నాడు, వేలు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. కట్లు కట్టేవాళ్ళ చేతులు అలాగే ఉంటాయి కాబోలు. ఇక తియ్యమన్నా వెంటనే తియ్యలేదు. "మీ చేతులు బయటికి తీసేశారా?" అని అడిగి, చూసి, అప్పుడు తీశాడు.

పక్కకి జరిగి చెవులు మూసుకుని నోరు తెరిచి ఉంచమన్నాను. ఒత్తి అందించాను.

మోత ఊరంతా తిరిగొచ్చింది. అల్లుడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. కింద బడి తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి. పిల్లల అరుపులు కొండ దాకా వినిపించాయి. పడవ కదిలింది. సభలో పటాలం "ఉప్పు ఆఖరున" అని, వెయ్యాలి అనకుండానే కుర్చీలో పడ్డాడట. కూర్చున్నాక అక్క వంక చూసి నవ్వాడట. ఆమె ఏడ్చింది. ఆ సంగతి ఆమె నాకు చెప్పలేదు, పటాలం చెప్పాడు.

ఆ పూట ఊళ్ళో సగం మంది మాడు రొట్టెలే తిన్నారు.

తిన్నాక మళ్ళీ సభ కూడింది. ఈసారి నేనూ వెళ్ళి నా భార్య పక్కన కూర్చున్నాను. పొద్దున ఏమైనా, ఇప్పుడు చేతులు లేస్తే కొలిమో, బండో.

బట్టీ అమ్మ లేచింది.

"ఇది ఆయుధమని ఒకరు, రక్షణని ఒకరు. అవునో కాదో నాకు తెలీదు. ఇది లేకపోతే ఈ సభ నడవదని మాత్రం నా రెండో వాయి చెబుతోంది. బల్లలు, కుర్చీలు, నీళ్ళ కూజా, గంట ఎలాగో ఫిరంగీ అలాగే. ఇది సభ సామాను. సామాను కరిగించమని, సైన్యానికి ఇమ్మని ఏ చట్టంలోనూ లేదు. కాదనేవాళ్ళు లేచి చెప్పండి. ఫిరంగి రేపటిదాకా పేలదు, అది గుర్తుపెట్టుకుని లేవండి."

ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత అల్లుడు లేచాడు. నా భార్య నా మోచెయ్యి పట్టుకుంది.

తను ఇందాక కొండ మీద ఏం చెప్పి వచ్చాడో తనకి గుర్తుందన్నాడు. ఇళ్ళల్లో గోడలకి వేలాడే తుపాకులు ఏ సభనీ కూర్చోబెట్టవని, ఎవరికీ అన్నం వేళ చెప్పవని, అవి ఒక్కటి కూడా మిగలకుండా కొలిమికి పోవాలని, వాటికి సామాను పేరు పెట్టి తెచ్చేవాళ్ళని తను ఒప్పుకోనని అన్నాడు. అందరూ ఆ పిల్ల వాళ్ళ నాన్న కూర్చున్న వైపు చూశారు. ఆయన తల వంచుకుని చెయ్యెత్తాడు. ఆయన సభ్యుడు కాడు, అయినా ఆ చెయ్యి దించమని ఎవరూ అనలేదు.

"ఫిరంగి ఉండనివ్వండి" అన్నాడు అల్లుడు. "రెండు షరతులు. మందు పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉండాలి. ఫిరంగి చెవి మూసేది నేనే అవ్వాలి. అది ఎంత గట్టిగా మూయాలో ఇవాళే తెలిసింది."

పటాలానికీ ఒక షరతు ఉంది. యుద్ధమే వస్తే ఫిరంగిని దేశానికి పంపాలన్నాడు. ఫిరంగి సంగతి అప్పుడు చూద్దాం, ముందు నిన్ను పంపుతాం, వంటకి, అంది బట్టీ అమ్మ. అతనికి అది గౌరవంగానే అనిపించింది. లేచి వందనం చేశాడు. మోత లేకుండానే కూర్చున్నాడు.

చేతులు లేచాయి. నేను సభ్యుణ్ణి కాను, అయినా నా చెయ్యి కూడా లేచిందని నా భార్య అంటుంది.

ఇళ్ళల్లో తుపాకులన్నీ ఆ నెలలోనే పోయాయి. కరిగించిన ఇనుముతో చేతిపంపులు పోయించారు. ఒకటి మా వీధిలో ఉంది. ఆ పిల్ల ఎడమచేత్తో కొడుతుంది, నీళ్ళు బాగానే వస్తాయి.

ఇప్పుడు రోజూ అల్లుడు ఆసుపత్రి నుంచి కొండెక్కి వస్తాడు. తాళం తీస్తాడు, చెవి మూస్తాడు, మోత అయ్యాక మళ్ళీ తాళం వేసి రెండుసార్లు లాగి చూస్తాడు. పొట్ట తగ్గిందని మా అమ్మాయి సంతోషం. నా భార్య మోకాళ్ళకి సెలవు దొరికింది. కింద ఇంటి అరుగు మీద కూర్చుని, మోత కొంచెం ఆలస్యమైతే ఇద్దర్నీ కలిపి తిడుతుంది. పటాలం అప్పుడప్పుడు వచ్చి పక్కన నిలబడి దట్టించడంలో తప్పులు చెబుతాడు. అల్లుడు అతనితో వాదిస్తాడు, వేలు మాత్రం తియ్యడు.

ఒక్క సంగతి ఉంది. చెవి మూసే పద్ధతి యుద్ధంలో వరసగా పేల్చే ఫిరంగులది. రోజుకొక్కసారి పేలేదానిలో నిన్నటి రవ్వ ఇవాళ్టిదాకా బతకదు. మా నాన్న నాకు చెప్పాడు, నేను నా భార్యకి చెప్పాను. అయినా ఆమె ఏనాడూ వేలు తియ్యలేదు. మొన్న అల్లుడికి కూడా చెబుదామా అని ఆమెని అడిగాను.

"నోరు మూసుకుని ఉండు. నీకు చేతనైన పని అదొక్కటే కదా" అంది. "చెబితే రేపట్నుంచి మళ్ళీ నేనెక్కాలి."